అంగడి లెక్కకు రెండవ సాక్షి

కాజీపేట నుండి బల్లార్షా పోవు రైలుమార్గమున నున్న జమ్మికుంట, ఉత్తర తెలంగాణములోని పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటిగా పేరు గన్న పట్టణము. దసరా దాటి పత్తి తీతలు ముమ్మరమైన పిమ్మట, అచ్చటి మార్కెట్ యార్డులో ఒక ఉదయము నిలిచి చూచినవారికి, ఎంత చిన్న లెక్కయైనను అచ్చట ఒక్క మనిషి మాటమీద సాగదను సంగతి త్వరలోనే తెలియవచ్చును. ఖరీదుదారు పత్తిని పిడికిట పట్టి, పింజను లాగి, తేమను చూచి ధర పలుకును. అడ్తిదారు ఆ ధర గిట్టునో గిట్టదో తేల్చును. కాంటా మీది తూకమును దడువాయి చదివి వ్రాయును. తూకము, ధర, కోతలు, రావలసిన మొత్తము అన్నియు తక్‌పట్టీ మీది కెక్కి రైతు చేతికి చేరును. ధర పలికినవాడు తూచడు, తూచినవాడు కొనడు. లక్షల రూపాయలు చేతులు మారుచోట ఒకని మాటకు వేరొకని వ్రాత తోడుండవలెనను ఈ కట్టుబాటును అచ్చట ఎవరును అవమానముగా తలంపరు.

ఇట్టి జాగ్రత్తలో పుట్టి పెరిగిన వ్యాపారస్థుని దుకాణములోనే, అదే దినము సాయంకాలము జరుగు వేరొక దృశ్యమును చూడుడు. రాష్ట్రమంతట పోలీసులకు చేరు ఫిర్యాదులలో మరల మరల కానవచ్చు మూస ఇది. గుమస్తా ఫోనులో వాట్సాప్ సందేశము మ్రోగును. నంబరు క్రొత్తది, చిత్రము మాత్రము యజమానిదే. "మీటింగుల ఉన్న, ఫోన్ చెయ్యకు. ఈ ఖాతాకు నాలుగు లక్షలు జల్ది పంపు, పార్టీ ఆగుతలేడు" అని అందు వ్రాసియుండును. గుమస్తా పంపును. అరగంటకు యజమాని లోపలికి వచ్చును.

"సేటూ, మీరు చెప్పిన పైసలు పంపిన."

"నేనెప్పుడు చెప్పిన?"

క్వింటాలుకు పావుకిలో తేడాను కంటితో పట్టగల గుమస్తా నాలుగు లక్షల తేడాను ఏల పట్టలేకపోయెను? వాడు తెలివితక్కువవాడనుట సులభము. కాని ఆ సమాధానము తప్పు. యార్డులో వానిచుట్టు నలుగురు సాక్షులుండిరి. ఫోనులో ఒక్కరును లేరు. సందేశమును మోసికొనివచ్చిన మార్గమే ఆ సందేశము నిజమని చెప్పు సాక్షియు నయ్యెను. ఏ మార్గమున మాట వచ్చెనో ఆ మార్గమును విడిచి, మోసగాని చేతికందని మరియొక మార్గమున దానిని సరిచూచుకొనుట అనునది ఒక్కటే సూత్రము. పాస్‌వర్డులు, ఓటీపీలు, బ్యాకప్పులు అని వేర్వేరు పేర్లతో మనకు చెప్పబడు సైబర్ భద్రత యంతయు ఈ సూత్రమునకు శాఖలే. పదిమంది లోపు సిబ్బందితో నడచు దుకాణమునకు, జిన్నింగు మిల్లునకు, మందుల షాపునకు ఇంతకంటె ముఖ్యమైన పాఠము లేదని నా దృఢవిశ్వాసము.

ముఖచిత్రము ఏమి చెప్పును?

వాట్సాప్‌లో ఒక ఖాతాకు నిజమైన గుర్తు ఫోను నంబరు మాత్రమే. పేరు, చిత్రము అనునవి ఆ ఖాతాదారు తనకు తోచినట్లు పెట్టుకొనునవి. వానిని సరిచూచువారెవరును లేరు. యజమాని చిత్రము సంపాదించుట కష్టము కాదు: ఫేస్‌బుక్కులోనో, వర్తక సంఘము వారి సమావేశపు ఫొటోలలోనో దొరకును. బిల్లు మీద అచ్చువేసిన జీఎస్టీ నంబరును ప్రభుత్వ పోర్టల్‌లో వెదకిన ఎవరికైనను వ్యాపారి పేరు, దుకాణము పేరు, చిరునామా కనబడును. వర్తకమున నమ్మకము పెరుగుటకై ప్రభుత్వము బహిరంగముగా నుంచిన వివరములవి. వంచకుడును బహిరంగముగానే చదువుకొనును.

ఇక సందేశములోని మాటల కూర్పును గమనింపుడు. అధికారము కలదు, తొందర కలదు. అన్నిటికంటె ముఖ్యముగా "ఫోన్ చెయ్యకు" అను మాట కలదు. మోసగాని పనితన మంతయు ఆ రెండు పదములలోనే యున్నది. గుమస్తా ఒక్క పర్యాయము యజమాని పాత నంబరునకు ఫోను చేసినచో నాటకము ముగియును. కావున ఆ రెండవ మార్గమును మూసివేయుటే వాని తొలి పని. డబ్బు పంపుమని చెప్పుచు సరిచూచుకొనవద్దని కూడ చెప్పు సందేశము కనబడినప్పుడు, ఆ నిషేధమునే మోసమునకు మొదటి లక్షణముగా గ్రహింపవలెను.

2024 నవంబరులో హైదరాబాదులోని ఒక ప్రైవేటు సంస్థకు చెందిన అకౌంట్స్ అధికారికి, తమ మేనేజింగ్ డైరెక్టరు చిత్రముతో వాట్సాప్ సందేశము రాగా, ఆయన సుమారు 1 కోటి 95 లక్షల రూపాయలను వంచకుల ఖాతాకు పంపెను. అసలు డైరెక్టరు దృష్టికి ఆ బదిలీ వచ్చిన వెంటనే వారు సైబర్ మోసముల ఫిర్యాదుకై గల 1930 నంబరునకు ఫోను చేయుటచేత, తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో వారు ఆ ద్రవ్యము చేయిదాటకుండ ఆపగలిగిరి. కోట్ల లెక్కలు చూచుచుండిన అధికారియే చిత్రమును నమ్మెననగా, చిన్న దుకాణపు గుమస్తాను నిందించి లాభము లేదు. వానికి ఒక నియమమును ఇచ్చి, దానిని పాటించుటకు ధైర్యమును కూడ ఇవ్వవలెను: డబ్బు పంపుమని ఏ మార్గమున వచ్చినను, ఫోనులో ముందే భద్రపరచియున్న నంబరునకు తానుగా ఫోను చేసి, గొంతు విని, అటుపిమ్మట పంపవలెను. సందేశములో ఇచ్చిన నంబరునకు చేసిన ఫోను లెక్కకు రాదు. అది మోసగాని చేతిలోని నంబరే గదా.

జిన్నింగు మిల్లు వంటి చోట్ల ఈ వంచన ఇంకొక రూపమున వచ్చును. బేళ్లు అమ్మిన మిల్లునకు, కొన్న స్పిన్నింగు మిల్లునకు నడుమ ఈమెయిలులో బిల్లులు నడచుచుండును. ఒకరి మెయిలు పాస్‌వర్డు ఎట్లో తెలిసికొన్న దొంగ వెంటనే ఏమియు చేయడు. వచ్చు ప్రతి ఉత్తరమునకును ఒక ప్రతి తనకు చేరునట్లు లోపలి సెట్టింగులలో ఒక ఫార్వర్డు నియమమును అమర్చి, వారముల తరబడి చదువుచు కూర్చుండును. పెద్ద మొత్తము రావలసిన దినమున, అమ్మకపువారి చిరునామాను పోలిన చిరునామానుండి (ఆంగ్లమున 'ఆర్', 'ఎన్' అను అక్షరములు పక్కపక్కన నిలిచిన 'ఎమ్' వలె కనబడును) "మా బ్యాంకు ఖాతా మారినది" అని ఒక వాక్యము చేర్చి, బిల్లును పంపును. డబ్బు పంపినవారు తాము చెల్లించితిమనుకొందురు. రావలసినవారు తమకు రాలేదందురు. పాస్‌వర్డు మార్చినంత మాత్రమున ఆ ఫార్వర్డు నియమము తొలగదు. దానిని ప్రత్యేకముగా వెదకి తీసివేయవలెను.

ఖాతా మారినదను వార్త వచ్చినప్పుడెల్ల ఫోను చేయుటతోపాటు, ఇప్పుడు మరియొక సాక్షియు దొరకినది. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ పద్ధతులలో డబ్బు పంపుటకు ముందే, ఆ ఖాతా ఎవరి పేర నున్నదో చూపు సౌకర్యమును 2025 ఏప్రిల్ 1 నాటికి బ్యాంకులన్నియు కల్పింపవలెనని రిజర్వు బ్యాంకు ఆదేశించెను. తెరమీద వచ్చిన పేరు మిల్లు పేరు కాక ఎవరో వ్యక్తి పేరైనచో అచ్చటనే ఆగవలెను. కరెంటు ఖాతాలకు పలు బ్యాంకులు మేకర్–చెకర్ అను ఏర్పాటును కూడ ఇచ్చుచున్నవి. ఒకరు బదిలీని నమోదు చేయుదురు, వేరొకరు తమ ఫోనునుండి అంగీకరించినగాని అది కదలదు. యార్డులో తూచువాడు వేరు, కొనువాడు వేరు అనుటకు ఇది సరియైన ప్రతిరూపము.

▣ యూపీఐ పిన్ ఎప్పుడు కావలెను?
2016లో ఆరంభమైన యూపీఐ పద్ధతిలో పిన్ నొక్కవలసిన సందర్భములు ముఖ్యముగా రెండు: డబ్బు పంపునప్పుడు, నిలువ చూచుకొనునప్పుడు. డబ్బు వచ్చుటకు పిన్ ఎన్నడును అక్కరలేదు. "మీకు పైసలు వస్తయి, పిన్ కొట్టుండ్రి" అని ఎవరైన ననినచో అది మోసమే. వ్యక్తులు వ్యక్తులను డబ్బు కోరుచు పంపు 'కలెక్ట్' అభ్యర్థనలను 2025 అక్టోబరు 1 నుండి నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ నిలిపివేసెను. క్యూఆర్ కోడ్ అనునది యంత్రము చదువు వ్రాత మాత్రమే. అందెవరి చిరునామా యున్నదో కంటికి తెలియదు. కౌంటరు మీది అట్టపై ఎవరైన వేరొక కాగితము నంటించినను ఆనవాలు పట్టలేము గనుక, ఉదయము దుకాణము తెరవగానే ఒక రూపాయి పంపి పేరు చూచుకొనుట మేలు. కొనువాని ఫోనులో కనబడు "చెల్లింపు పూర్తి" అను చిత్రమును అచ్చముగ నట్లే కల్పించు నకిలీ యాప్‌లు కలవు. డబ్బు అందెనని పలుకు సౌండు బాక్సు మాట కొనువాని ఫోను నుండి కాక చెల్లింపు సంస్థ నుండి నేరుగా వచ్చును. అందుచేతనే అది సాక్షి.

మహేశ్ బ్యాంకులో జరిగినది

హైదరాబాదు కేంద్రముగా గల ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకులో 2022 జనవరిలో జరిగిన చోరీని, పోలీసులు వివరించిన తీరున కొంత నిదానముగా చూడవలెను. ఏలయన ఒక చిన్న సంస్థలో జరుగగల ప్రతి లోపమును అందు వరుసగా కనబడును.

2021 నవంబరులో ఆ బ్యాంకు ఉద్యోగులకు రెండువందలకు పైగా మెయిళ్లు వచ్చెను. ఇంతమందిలో తెరచినవారు ఇద్దరు. ఆ మెయిళ్లలోనుండి దిగిన ప్రోగ్రాము, దూరమునుండి ఆ కంప్యూటరును తమ చేతిలోనిదానివలె నడుపుటకు దొంగలకు వీలు కల్పించెను. వారు వెంటనే దోచుకొనలేదు. కంప్యూటరు నడుపువారు కీబోర్డు మీద ఏమి కొట్టుచున్నారో చూచుచు, పాస్‌వర్డులు సేకరించుచు రెండు నెలలు వేచియుండిరి. ఒక మామూలు ఉద్యోగి బల్లమీది కంప్యూటరు నుండి, ఖాతాల నిలువలుండు ప్రధాన వ్యవస్థకు దారి యుండుటకు కారణమేమి? నెట్‌వర్కును వేర్వేరు భాగములుగా విడదీయకపోవుట యని పోలీసులు తెలిపిరి. అన్ని అధికారములు గల 'సూపర్ యూజర్లు' పదిమంది వరకు ఉండిరనియు, వారిలో కొందరి పాస్‌వర్డు ఒకటే యనియు కూడ చెప్పిరి. జనవరి 22, 23 తేదీలు శని, ఆదివారములు. ఆ విరామమున సుమారు 12 కోట్ల 48 లక్షల రూపాయలు ముందుగా సిద్ధముచేసికొన్న కొన్ని ఖాతాలకు, వానినుండి వందకు పైగా ఇతర ఖాతాలకు ప్రవహించి, దేశమునందలి తొమ్మిదివందలకు పైగా ఏటీఎమ్‌ల ద్వారా నగదు రూపమున వెలికి వచ్చెను. 2023లో రిజర్వు బ్యాంకు ఆ సంస్థకు 65 లక్షల రూపాయల జరిమానా విధించెను.

ఇందు నన్ను మిక్కిలి ఆలోచింపజేయునది ఆ ఇద్దరు ఉద్యోగులు మెయిలు తెరచుట కాదు. అంతమంది ఉద్యోగులలో ఇద్దరు తెరచుట మానవసహజము. ఎంత శిక్షణ ఇచ్చినను ఆ సంఖ్య శూన్యము కాబోదు. ఆ తొలి తప్పిదమునకు తరువాత వరుసగా నిలువవలసిన అడ్డులు ఒక్కటియు నిలువకపోవుటయే అసలు ప్రమాదము. చిన్న దుకాణమునకు ఇందలి పాఠము స్పష్టము. లెక్కల కంప్యూటరులో వ్యక్తిగతమైన మెయిళ్లు, సినిమాలు, పిల్లల ఆటలు ఉండరాదు. దినసరి పనికి అడ్మినిస్ట్రేటరు అధికారములు లేని మామూలు యూజరు ఖాతా వాడవలెను. అప్పుడు ప్రమాదకరమైన ప్రోగ్రాము దిగినను దానికి ఆ యూజరుకున్న అధికారమే యుండును గాని అంతకు మించి యుండదు. లెక్కల సాఫ్ట్‌వేరైన టాలీలో గుమస్తాకొక లాగిన్, యజమానికొక లాగిన్, ఆడిటరుకొక లాగిన్ ఏర్పరచినచో, ఏ నమోదు ఎవరు చేసిరో తెలియును. సీజను ముగిసి పని మానిన మనిషి లాగిన్‌ను ఆ దినముననే మూయవలెను. దుకాణపు వాట్సాప్‌లో 'లింక్డ్ డివైసెస్' తెరచి, వాని కంప్యూటరు గాని ఫోను గాని ఇంకను కలిసియున్నదేమో చూడవలెను. ఈ చివరి పని అర నిమిషముది. చేయువారు మాత్రము అరుదు.

పాస్‌వర్డు గణితము

పాస్‌వర్డు బలమనగా ఏమో తెలియవలెనన్న, అది ఎచ్చట ఏ రూపమున దాచబడునో తెలియవలెను. సరిగా కట్టిన వెబ్‌సైటు మన పాస్‌వర్డును ఉన్నదున్నట్లు దాచుకొనదు. దానిని ఒక గణితప్రక్రియలో వేసి, వచ్చిన అక్షరముల, అంకెల గొలుసును మాత్రము దాచును. దీనికి హ్యాష్ అని పేరు. ఈ ప్రక్రియ ఒక్క దిశనే నడచును: పదమునుండి గొలుసు క్షణములో పుట్టును, గొలుసునుండి పదమును వెనుకకు రాబట్టరాదు. బెల్ ల్యాబ్స్‌కు చెందిన రాబర్టు మారిస్, కెన్ థాంప్సన్ అను శాస్త్రజ్ఞులు 1979లోనే ఈ పద్ధతిని విశదీకరించుచు వ్యాసము ప్రకటించిరి.

వెనుకకు పోలేని దొంగ ముందునుండి వచ్చును. ఏదో ఒక వెబ్‌సైటు నుండి గొలుసుల పట్టిక దొంగిలింపబడిన పిమ్మట, వాడు తన కంప్యూటరులో ఒక్కొక్క పదమును ఊహించి, దాని గొలుసును పుట్టించి, పట్టికలో నున్నదేమో పోల్చిచూచును. పాతబడిన హ్యాష్ పద్ధతుల విషయమున, శక్తిమంతమైన గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే సెకనుకు 10,000 కోట్లకు మించి ఊహలు చేయగలదు.

ఈ వేగముతో కొలిచి చూతము. మన ప్రాంతమున పలువురు తమ మొబైల్ నంబరునే పాస్‌వర్డుగా పెట్టుకొందురు. 6, 7, 8, 9 అంకెలతో ఆరంభమగు పది అంకెల నంబర్లు మొత్తము 400 కోట్లు. అన్నింటిని సెకనులో ఇరువదియైదవ వంతు కాలమున చూచి ముగింపవచ్చును. ఎనిమిది చిన్న ఆంగ్లాక్షరములతో కూర్చగల మాటలు సుమారు 20,882 కోట్లు. రెండు సెకన్లు చాలును. ఇక సాధారణమైన రెండువేల మాటల పట్టికనుండి, కన్నులు మూసికొని వ్రేలుపెట్టినట్లు, ఒకదానితో నొకటి సంబంధము లేని మాటలను ఏరి వరుసగా పేర్చినామనుకొనుడు. నాలుగు మాటల వరుసలు 16 లక్షల కోట్లు. అవి రెండున్నర నిమిషములకు పైగా నిలుచును. ఐదవ మాట చేర్చగానే ఆ కాలము రెండువేల రెట్లు పెరిగి మూడు దినములు దాటును. ఆరవ మాట చేర్చినచో ఇరువది సంవత్సరములు. కావాలనే నెమ్మదిగా పనిచేయునట్లు రచింపబడిన నేటి హ్యాష్ పద్ధతులైనచో ఇవన్నియు ఇంకను ఎన్నో రెట్లగును. బలము చేకూర్చునది పొడవు, యాదృచ్ఛికత. 'ఏ' అక్షరమునకు బదులు చుట్టగీత గుర్తు పెట్టి, దుకాణము పేరు చివర 123 చేర్చుట కాదు. అట్టి మార్పులు దొంగల పట్టికలలో ముందే యున్నవి.

తరచుగా పాస్‌వర్డు మార్చవలెనను పాత నియమమును కూడ శాస్త్రము విడనాడినది. అమెరికాలోని ప్రమాణముల సంస్థ నిస్ట్ కొరకు 2003లో ఆ నియమములను రచించిన బిల్ బర్, 2017లో ఒక పత్రికతో మాటలాడుచు వానిలో చాలభాగమునకు విచారము వెలిబుచ్చెను. మాటిమాటికి మార్పుమన్నచో మనుష్యులు చివరి అంకెను మాత్రము మార్చుదురు. అంతకంటె అపాయకరమైనది ఒకే పాస్‌వర్డును అన్నిచోట్ల వాడుట: చీరల వెబ్‌సైటు నుండి పోయిన పాస్‌వర్డుతో దొంగలు జీఎస్టీ పోర్టల్‌ను, మెయిలును, బ్యాంకును యంత్రములచేత తట్టించి చూతురు. పదుల సంఖ్యలో వేర్వేరు పాస్‌వర్డులను కంఠస్థము చేయు శక్తి ఎవరికిని లేదు. పాస్‌వర్డ్ మేనేజరు అను యాప్ వానిని దాచి, ఒక్క దీర్ఘమైన పాస్‌వర్డుతో తెరచుకొనును. అదియు చేతగాని పెద్దలు, ఇనుప బీరువాలోని పుస్తకమున వ్రాసి దాచుకొనుట మేలు. వేయిమైళ్ల దూరమున నున్న దొంగకు ఆ బీరువా అందదు. మానిటరు అంచున నంటించిన చీటీ మాత్రము వచ్చిపోవువారందరి కన్నులకును అందును.

▣ ముప్పది సెకన్ల అంకెలు
పాస్‌వర్డు పోయినను లోనికి రానీయని రెండవ సాక్షి ఓటీపీ. ఎస్‌ఎంఎస్‌లో వచ్చు ఓటీపీ మనకు పరిచితమే. అథెంటికేటరు యాప్‌లో కనబడు ఆరు అంకెలు వెలుపలినుండి రావు. తొలిదినమున మనము స్కాను చేయు క్యూఆర్ కోడ్‌లో ఒక రహస్యసంఖ్య యుండును. అది వెబ్‌సైటు కడ నొకటి, మన ఫోనులో నొకటి నిలిచిపోవును. పిమ్మట ప్రతి ముప్పది సెకన్లకు ఫోను ఆ రహస్యమును, అప్పటి గడియారపు కాలమును కలిపి ఒక గణితప్రక్రియలో వేసి ఆరు అంకెలను తీయును. వెబ్‌సైటు తన చోట అదే లెక్క చేసి సరిపోల్చును. ఇంటర్నెట్టు లేకున్నను అంకెలు మారుచుండుటకు కారణమిదియే. సిమ్ కార్డును మోసముతో తమ పేర మార్పించుకొన్న దొంగకు ఎస్‌ఎంఎస్ ఓటీపీ చేరును గాని ఈ అంకెలు చేరవు. మెయిలునకు ముందుగా దీనిని అమర్చుట ఉత్తమము. తక్కిన ఖాతాల పాస్‌వర్డు మరచితిమన్నచో క్రొత్తది వచ్చి పడునది ఆ మెయిలులోనే గదా.

ఓటీపీ సాక్షి కావలెనన్న అది దొంగ చేతికందని చోట నుండవలెను. ఆ నియమమును భగ్నము చేయుటకు వచ్చినవే ఏపీకే ఫైళ్లు. ట్రాఫిక్ చలానా అనియు, పీఎం కిసాన్ అనియు, పెండ్లిపత్రిక అనియు పేర్లుపెట్టి, చివర 'ఏపీకే' అను మూడక్షరములతో, తెలిసినవారి వాట్సాప్ నుండియే ఇవి వచ్చును. పెండ్లిపత్రిక చిత్రముగానో పీడీఎఫ్‌గానో రావలెను గాని ప్రోగ్రాముగా రానేరాదు. నొక్కగానే ఆండ్రాయిడ్ ఫోను ఒక హెచ్చరికను చూపి అనుమతి కోరును. ఇచ్చినచో ఆ ప్రోగ్రాము ఎస్‌ఎంఎస్ చదువు హక్కును అడుగును. అదియు ఇచ్చినచో, బ్యాంకు పంపిన ఓటీపీ యజమాని కంటికంటె ముందు దొంగ కంటబడును. పిమ్మట అదే ఫోనునుండి బంధుమిత్రులందరికిని అదే పత్రిక పోవును. అందుచేతనే పంపినవాడు తెలిసినవాడే యనుట ఇచ్చట సాక్ష్యము కాదు. దుకాణపు లావాదేవీలకు వాడు ఫోనులో ప్లే స్టోరు వెలుపలి యాప్‌లను ఎన్నడును దింపరాదని నియమము పెట్టుకొనుట చాలును.

ఒకే కంప్యూటరు, ఒకే ప్రతి

2017 మే 12న ప్రపంచమున విజృంభించిన వాన్నక్రై అను ప్రోగ్రాము, కంప్యూటర్లలోని ఫైళ్లన్నింటిని చదువరాని రహస్యలిపిలోనికి మార్చి, విప్పుటకు డబ్బు కోరెను. నూట ఏబదికి పైగా దేశములు దాని పాలబడెను; ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని అందులో నుండెను. ఆ ప్రోగ్రాము ప్రవేశించిన లోపమును పూడ్చు అప్‌డేట్‌ను మైక్రోసాఫ్టు అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసియుండెను. 'తరువాత గుర్తుచేయుము' అని మనము నొక్కి పంపివేయు అప్‌డేట్‌ల విలువ ఇట్టిది. విండోస్ 10కు మైక్రోసాఫ్టు వారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. తమ దుకాణపు కంప్యూటరు ఇంకను అందే యున్నవారు ఈ సంగతిని ఉపేక్షింపరాదు.

2019లో, ఏప్రిల్ ముగిసి మే ఆరంభమగు దినములలో, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లపై ఇట్టి దాడియే జరిగెను. జమ్మికుంటకు కరెంటు సరఫరా చేయు వరంగల్ కేంద్రపు ఉత్తర డిస్కముకూడ వానిలో నుండెను. కొన్ని దినములు ఆన్‌లైన్ సేవలు స్తంభించెను గాని, ముందుగా వేరుచోట భద్రపరచియుంచిన ప్రతుల వలన సమాచారము దక్కెను.

చిన్న దుకాణమున ఈ 'వేరుచోటు' అను మాటయే తరచుగా తప్పిపోవును. టాలీ డేటాను ప్రతి సాయంకాలము పెన్‌డ్రైవులోనికి ఎక్కించు గుమస్తాలు కలరు. ఎక్కించిన పెన్‌డ్రైవును కంప్యూటరునకే తగిలించి ఇంటికి పోవువారే వారిలో ఎక్కువ. రహస్యలిపి ప్రోగ్రాము తనకు కనబడు ప్రతి డ్రైవును తిరగవ్రాయును. తగిలించియున్న పెన్‌డ్రైవు దానికి మరియొక గది మాత్రమే. ఒక ప్రతి కంప్యూటరులో, ఒకటి తీసి బీరువాలో పెట్టు డ్రైవులో, ఒకటి పాత ప్రతులను నిలుపుకొను క్లౌడులో నుండవలెను. నెల కొకసారి ఆ ప్రతిని వేరొక కంప్యూటరులో తెరచి, నిన్నటి లెక్క కనబడుచున్నదో లేదో చూడవలెను; ఎన్నడును తెరచి చూడని బ్యాకప్ ఉన్నదని నమ్ముటకు ఆధారమేమియు లేదు.

తొలి గంట

ఇన్ని కట్టుబాట్ల నడుమను డబ్బు పోవచ్చును. పోయిన క్షణమునుండి ఏమి జరుగునో తెలిసినవాడు, ఏమి చేయవలెనో తానే గ్రహించును. వంచకుడు ఆ డబ్బును మొదటి ఖాతాలో ఉంచడు. అద్దెకు తీసికొన్న పరుల ఖాతాల గుండ నిమిషముల వ్యవధిలో ముక్కలు చేసి తరలించును. 1930కి ఫోను చేసి, ఏ ఖాతానుండి, ఏ సమయమున, ఎంత మొత్తము, బ్యాంకు ఆ బదిలీకిచ్చిన ఏ యూటీఆర్ సంఖ్యతో పోయెనో చెప్పగానే, ఆ వివరములు మొదటి బ్యాంకునకు చేరును. డబ్బు అచ్చటనే యున్నచో వారు దానిని స్తంభింపజేయుదురు. కదలిపోయినచో తరువాతి బ్యాంకునకు ఆ ఫిర్యాదు వెంబడించును. ఇది పరుగుపందెము, నగదుగా మారకముందు పట్టుకొన్నదే దక్కును. ఫోను కలియనిచో సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను పోర్టల్‌లో అదే వివరములు నమోదు చేయవచ్చును. తన బ్యాంకునకు కూడ వెంటనే చెప్పవలెను: రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న జారీ చేసిన ఆదేశము ప్రకారము, ఖాతాదారు దోషము గాని బ్యాంకు దోషము గాని లేక మూడవవారి వలన జరిగిన అనధికార లావాదేవీని మూడు పనిదినములలో తెలిపినచో ఖాతాదారునిపై భారము పడదు. ఓటీపీయో పిన్నో తానే చెప్పినచో, ఫిర్యాదు చేయువరకు పోయినదంతయు తనదే. చేసిన పిమ్మట పోయినది బ్యాంకుది. రెండు సందర్భములలోను ఆలస్యము ఖరీదైనదే.

ఈ ఆలస్యము ఎచ్చట పుట్టును? నా పరిశీలనలో అది భయమునుండి పుట్టును. నాలుగు లక్షలు పంపిన గుమస్తా, సేటు తిట్టునని, జీతములో కోయునని, దొంగలతో కలిసెనని అందురని, రాత్రంతయు ఒంటరిగా ఆ మోసగాని నంబరునకు ఫోను చేయుచు గడపును. డబ్బు దాటిపోవునది ఆ రాత్రిలోనే. కావున యజమాని తన సిబ్బందిని కూర్చుండబెట్టి, పత్తి సీజను మొదలగుటకు ముందే చెప్పవలసిన మాట ఒకటి కలదు: "తప్పు జరిగితే ముందు నాకు చెప్పు, నేను నిన్ను ఏమనను, నేను ఫోన్ ఎత్తకపోతే నువ్వే 1930కి కొట్టు." యజమాని గొంతును అనుకరించి ఎవరైన ఫోను చేసినను, గుమస్తా ఆ ఫోను పెట్టివేసి పాత నంబరునకు తానుగా తిరిగి చేయవచ్చుననియు, అట్లు చేసినందుకు యజమాని ఎన్నడును కోపింపడనియు అదే కూటమున చెప్పవలెను. యజమాని పాత నంబరును, 1930ని, బ్యాంకు శాఖ మేనేజరు నంబరును ఒక కాగితముపై పెద్ద అక్షరములతో వ్రాసి, గల్లాపెట్టె మూత లోపలివైపు అంటింపవలెను.